తొమ్మిదంగుళాల మడత

...ఎనిమిదంగుళాలు చాలవేమో, తొమ్మిది వదిలితేనే మేలు, తర్వాత వచ్చే కిటికీ ఎంత పొడుగుంటుందో ఎవరు చూడొచ్చారు అనుకుంటూ ఆమె తెర అడుగంచును లోపలికి మడిచి గుండుసూది గుచ్చింది. గుచ్చాక గానీ తను ఏమనుకుందో తనకే వినపడలేదు. తర్వాత వచ్చే కిటికీ ఏమిటి? ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది దాటింది. ఇల్లు అత్తగారి సొంతం. కదలమనేవాళ్ళు ఎవరూ లేరు.

అయినా చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. వేసుకునే బట్టలు వదులు చేసీ బిగించీ ఇచ్చే చిన్న దర్జీ కొట్టు ఆమెది. ఎవరి లాగూ పట్టుకున్నా లోపల నాలుగువేళ్ళ బట్ట వదిలేది. "ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు" అనేది. "ఒళ్ళు చేయకపోతే?" అని ఓ లాయరు అడిగితే, "ఉంటే ఏం బరువు" అంది.

ఆ అలవాటు అమ్మది. నాన్నది బదిలీల ఉద్యోగం. పాత ఇంట్లో అమ్మ అన్నిటికంటే ముందు తెరలు దింపేది, కొత్త ఇంట్లో అన్నిటికంటే ముందు తెరలు కట్టేది. పదకొండు ఇళ్ళకీ అవే తెరలు. కత్తెర తగలనిచ్చేది కాదు. పొట్టి కిటికీకి మడిచేది, పొడుగు కిటికీకి విప్పేది. తనకు పదేళ్ళప్పుడు ఒకసారి మడత విప్పితే లోపల్నుంచి ముదురు నీలం బయటపడింది. అప్పటిదాకా ఆ తెరలు బూడిదరంగువనే అనుకుంది. ఎండ తగలని రంగంతా అక్కడ ఉండిపోయింది. "ఎంత బాగుందో కదమ్మా" అంటే, "దాచాను కాబట్టి బాగుంది" అంది అమ్మ. ఆ మాట మింగుడుపడక ఆమె ఇప్పటికీ నములుతూనే ఉంది.

ఈ కొత్త తెరల గొడవ తెచ్చిపెట్టింది అత్తగారు. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని తిరగేసిన పత్రికలోంచి ఓ పేజీ చించుకొచ్చింది. బోహీమియన్ కర్టెన్లట. ఒకదానితో ఒకటి పొసగని రంగులు, మధ్యమధ్య లేసు, అతుకులు, అంచున కుచ్చులు.

"దేశదిమ్మరుల తెరలన్నమాట. నీ కొట్లో మిగిలిన ముక్కలన్నీ ఇలా కలిపి కుట్టెయ్యి. గది ఆస్పత్రిలా ఉంది."

"పేజీ చించేశారా అత్తయ్యా?"

"నా పన్ను వాడికిచ్చాను. ఓ పేజీ నాకివ్వడా?"

మూడు వారాలు సాయంత్రాలన్నీ వాటికే సరిపోయాయి. లాయరు కోటు లోపలి గుడ్డ, వంకాయరంగు. ఎవరి పెళ్ళిగౌనుకో వదులు తీసినప్పుడు మిగిలిన లేసు. ఆవపిండి రంగు చారల బట్ట. ఆ పొద్దున బస్సు డ్యూటీకి వెళ్ళేముందు ఆమె భర్త గోడకి కడ్డీ బిగించి, "కిటికీకి పెళ్ళి కుదిరినట్టుంది మీ హడావిడి. నన్నూ పిలుస్తారా?" అని వెళ్ళిపోయాడు.

ఆమె స్టూలెక్కి, సూదులతోనే తెరను రింగులకి తగిలించి, దిగి వెనక్కి నడిచింది. మధ్యాహ్నపు ఎండ గుడ్డలోంచి గదిలోకి దిగింది. నేలమీద వంకాయరంగు చతురస్రాలు, లేసు నీడలు. కుర్చీలో కూర్చున్న అత్తగారి పాదాలు ఒకటి పసుపు, ఒకటి ఊదా. ఏడాదిగా తుడుస్తున్న గది ఇదేనా అనిపించి ఆమెకు నవ్వొచ్చింది.

గాలి వచ్చింది. తెర పైభాగం కాస్త ఉబ్బింది. కిందిభాగం మాత్రం మొండికేసినట్టు అలాగే ఉంది.

"కింద ఆ చీకటి పట్టీ ఏమిటే?" అంది అత్తగారు.

"మడతత్తయ్యా. బట్ట రెండు పొరలయింది. తొమ్మిదంగుళాలు."

"అంత ఎందుకు?"

"ఎప్పుడైనా పొడుగు కిటికీ వస్తే..."

"ఎక్కణ్ణుంచి వస్తుంది? నడుచుకుంటూ వస్తుందా?"

ఆమె నవ్వి, తెర దగ్గరికెళ్ళి వదులైన సూదొకటి సరిచేసింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి. అవతలివాళ్ళు ఎక్కడ ఆగారో ఇట్టే పట్టేస్తుంది. పట్టినా తరచి అడగదు.

"ఆ మడతలో ఏ ముక్క పడింది?"

"ఎర్ర పట్టు. అన్నిట్లోకీ అదే బాగుంది" అంది ఆమె. ముక్కలు పేర్చింది తనే, అన్నిటికంటే మంచిదాన్ని అట్టడుగున పెట్టిందీ తనే. ఎవరూ చెప్పలేదు.

"అయితే అది నాకిచ్చెయ్యి. దిండు లేక ఈ కుర్చీలో నా నడుం పడిపోతోంది."

"కోసేస్తే మళ్ళీ పొడుగవదత్తయ్యా."

"కిటికీ మాత్రం పెరుగుతుందా ఏమిటి?"

ఆమె తెర దింపి నేలమీద పరిచి, మోకాళ్ళమీద కూర్చుంది. ఒక్కో సూదీ తీసి పెదాల మధ్య పెట్టుకుంది. మడత తెరుచుకుని ఎరుపు బయటపడింది. కోస్తే ఈ తెర ఇంకే ఇంటికీ పనికిరాదు. ఈ ఒక్క కిటికీకే సరిపోతుంది. ఆ ఆలోచనకి మనసు, చిత్రంగా, కుదుటపడింది. కుట్టుకి కావలసినంత వదిలి సుద్దతో గీత గీసింది. గీత కింద ఇంకో నాలుగువేళ్ళు కొలవబోయిన చేతిని వెనక్కి తీసుకుంది.

కత్తెర అందుకుని, గీత మీదే కోసింది.