చర్చి బడి పిల్ల సాక్ష్యం

సర్కారు బడిలో పాఠాలు చెప్పే మాస్టారు సొంత కూతుర్ని తీసుకెళ్లి చర్చి బడిలో వేశాడంటే, హోటల్లో వంటవాడు పక్క హోటలుకెళ్లి భోంచేసినట్టే. నలుగురూ నవ్వుతారు. నవ్వారు కూడా. మాస్టారికి చీమ కుట్టినట్టయినా లేదు. నవ్వేవాళ్లు నవ్వనీ, నా పిల్ల బాగుపడితే చాలు అనుకున్నాడు. తన బడి సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు కనుక?

వానపడితే నాలుగో తరగతీ ఐదో తరగతీ ఒకే గదిలో ఇరుక్కోవాల్సిందే. రెండో గది కప్పు కారుతుంది. హెడ్మాస్టారు మీటింగని వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. పాఠం కాస్త ఊపందుకునేసరికి జనాభా లెక్కలని ఒకరు, ఓటర్ల జాబితా అని ఇంకొకరు పైనుంచి ఊడిపడతారు. ఇవన్నీ నిజమే. మాస్టారు బయటికి అనని నిజం ఇంకొకటుంది. ఆ బడిలో పాఠం చెప్పినా చెప్పకపోయినా అడిగే నాథుడు లేడు. అడగరు కాబట్టి ఆయన చెప్పడం తగ్గించేశాడు.

పెద్ద రోడ్డు దాటితే చర్చి బడి. అక్కడ వరండా చూస్తే చెప్పులతో అడుగుపెట్టడానికి మొహమాటం వేస్తుంది. గంట కొట్టేసరికి టీచర్లు తరగతిలో ఉంటారు, గంట కొట్టాక వస్తారు అనే ముచ్చటే లేదు. సిస్టర్లకు పిల్లల పేర్లే కాదు, ఎవరికి చెవిపోటు, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారు, ఎవరింట్లో రాత్రి గొడవ జరిగింది, అన్నీ తెలుసు. మాస్టారు ఒకసారి ఆ గేటు ముందు నిలబడి లోపలికి చూసి, గిరుక్కున తిరిగి వెనక్కి వచ్చాడు. అసూయో సిగ్గో ఆయన తేల్చుకోలేదు.

అయితే అక్కడ సీటంటే మాటలా? ముందు చర్చికి చెందిన కుటుంబాల పిల్లలు, మిగిలితే బయటివాళ్లు. మిగలవు. మాస్టారు నానా గడ్డీ కరిచాడు. ఏ దేవుడి మొహమూ చూడని మనిషి, పెళ్లాం పిల్లతో సహా ప్రతి ఆదివారం ముందు బెంచీ మీద ప్రత్యక్షమయ్యాడు. పాటలు నోటికి పట్టాడు. చివరికి ఫాదర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మా పాత ఊళ్లోనే మాకందరికీ జ్ఞానస్నానం అయిపోయింది ఫాదర్" అని, ఎప్పుడో చర్చిలో కలిసిపోయినవాడిలా తడుముకోకుండా అనేశాడు. మాస్టారి మాట కదా, ఆయన నమ్మేశాడు. పక్కనే ఉన్న హెడ్ సిస్టర్ వంగి, "అవునా పాపా?" అని అడిగితే పిల్ల కూడా బుర్ర ఊపింది. ముందు రోజే ఇంట్లో నేర్పి తీసుకొచ్చారు మరి.

ఇంట్లో దాన్ని పిడుగు అని పిలిచేవాళ్లు. అప్పటికి రెండో తరగతి పూర్తయింది దానికి.

సీటు దొరికింది గానీ, ఒక చిక్కు వచ్చిపడింది. చర్చి బడి సర్కారు బడికంటే ముందే వదిలేస్తారు. భార్యకు బట్టల కొట్టులో చీకటిపడేదాకా పని. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు. పిల్లనెవరు తీసుకురావాలి? ఇంకెవరు, మాస్టారే. రోజూ చివరి పీరియడు ఆయన లెక్కలు చెప్పాలి. "ఎక్కాలు చదవండి, అల్లరి చేశారో తాట తీస్తా" అని క్లాసు లీడరు చేతికి బెత్తమిచ్చి జారుకునేవాడు. పిడుగుని ఇంటికి చేర్చి కాఫీ తాగేసరికి ఇక్కడ బడి వదిలేసేవాళ్లు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, ఏళ్ల తరబడి ఇదే తంతు. ఆ పిల్లలు ఎక్కాలు మాత్రం వీధి చివరికి వినపడేలా అరిచేవాళ్లు. ఒక భాగహారం ఇస్తే బిక్కమొహాలు వేసేవాళ్లు.

పిడుగు మాత్రం చూస్తూండగా మారిపోయింది. చదువు ఒక్కటే కాదు, ఆ సిస్టర్లు చెప్పిన మంచీ చెడూ కూడా తలకెక్కించుకుంది. పక్కింటి పూలకుండీ పగలగొట్టి, ఎవరూ చూడకపోయినా తనే వెళ్లి తలుపు తట్టి చెప్పొచ్చింది. ఒకసారి పిన్ని వచ్చి, "నేనొస్తున్నానంటే మీ అమ్మ ఏమందే?" అని ముద్దుగా అడిగింది.

"'అబ్బా, మళ్లీనా' అంది పిన్నీ."

తల్లికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాస్టారు మాత్రం పడీ పడీ నవ్వి, "బడంటే అదీ! మన బడిలో ఏ ఒక్కడైనా ఇలా చెప్తాడా?" అని మురిసిపోయాడు. నిజంగానే మురిసిపోయాడు పాపం. పిల్ల మొహం చూసినప్పుడల్లా, తాను జన్మలో చేసిన మంచిపని ఇదొక్కటే అనిపించేది ఆయనకు.

ఐదో తరగతిలో, చర్చి కుటుంబాల పిల్లలందరూ మొట్టమొదటిసారి సత్ప్రసాదం, అదే ఫాదర్ పూజలో పంచే అప్పం, అందుకోవాలి. అంతకుముందు ఎవరి తప్పులు వాళ్లు ఒప్పుకోవాలి. దానికోసం క్లాసులో సిస్టర్ వారం రోజులు పాఠం చెప్పింది. అబద్ధమాడితే దేవుడితో చెప్పుకుని ఊరుకుంటే సరిపోదు, ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికే వెళ్లి నిజం చెప్పాలి, అప్పుడే మనసు శుభ్రపడుతుంది అంది. మిగతా పిల్లలు ఆ మాట విని చేతులు కట్టుకుని కూర్చున్నారు. పిడుగు ఆ మధ్యాహ్నమే హెడ్ సిస్టర్ గది తలుపు తోసుకుని వెళ్లింది.

"మాకు జ్ఞానస్నానం అవ్వలేదు సిస్టర్. సీటు కోసం అబద్ధం చెప్పాం. నేను కూడా బుర్ర ఊపాను."

హెడ్ సిస్టర్ పిల్లని దగ్గరికి తీసుకుంది. నిజం చెప్పినందుకు తల నిమిరి, దేవదూత బొమ్మ ఉన్న కార్డు బహుమతిగా ఇచ్చింది. తర్వాత మాస్టారికి కబురు పెట్టింది.

"పాప మీద మాకు కోపం లేదు మాస్టారూ," అంది హెడ్ సిస్టర్. "కానీ ఆ సీటు మా సంఘం పిల్లలది. దానికోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన కుటుంబం ఉంది. ఈ అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యాక తీసుకెళ్లండి."

మాస్టారి గుండె జారిపోయింది. "ఆ నిజం చెప్పించింది మీరే కదా సిస్టర్! మీ బళ్లో మీ పాఠం ఇంత బాగా వంటబట్టించుకున్న పిల్ల ఇంకెవరున్నారో చూపించండి. దాన్నే పంపించేస్తారా?"

"అందుకే పంపించాలి. తెలిసీ మేం కళ్లు మూసుకుంటే రేపు పాపే మమ్మల్ని నమ్మదు."

"పోనీ ఇప్పుడు ఇవ్వండి జ్ఞానస్నానం. ఈ ఆదివారమే. ముగ్గురం వస్తాం."

"సీటు కోసమా మాస్టారూ?"

హెడ్ సిస్టర్ కళ్లు తుడుచుకుంది. కన్నీళ్లు నిజమైనవే, నిర్ణయం కూడా నిజమైనదే. ఏం లాభం?

ఇంటికి వెళ్లే దారిలో పిల్ల ఆ బొమ్మ కార్డు చూపించబోయింది. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"నిన్నెవరు చెప్పమన్నారే?"

"సిస్టర్ చెప్పింది నాన్నా, అబద్ధం చెప్తే వాళ్ల దగ్గరికే వెళ్లి..."

"చాలు, ఇంక నోరు ముయ్యి! నీ నోరే నీ కొంప ముంచింది. మూడేళ్లు నేను పడ్డ పాట్లన్నీ ఒక్క మాటతో మట్టిగొట్టుకుపోయాయి. ఇకమీదట ఎవరేం అడిగినా ముందు నా మొహం చూడు. తర్వాత నోరు విప్పు. అర్థమైందా?"

పిల్ల తల ఊపింది. బొమ్మ కార్డుని సంచీ అడుక్కి తోసేసి, ఇంటికెళ్లాక అన్నం తినకుండా పడుకుంది. రాత్రి తల్లి రెండు మూడుసార్లు లేచి దాని నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

చివరికి పిల్లని తన బడిలోనే చేర్చుకోక తప్పలేదు. మాస్టారు మొహం మాడ్చుకుని తీసుకొచ్చాడు. చిన్న తరగతుల టీచరమ్మ మాత్రం నవ్వుతూ ఎదురొచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. "రానివ్వండి మాస్టారూ. మన కప్పు కారుతుంది గానీ, ఇందులోకి రావడానికి ఏ దేవుడి సిఫార్సూ అక్కర్లేదు" అంది. ఆ మాట ఆయనకు చురుక్కుమంది. ఇన్నేళ్లుగా అక్కడే పనిచేస్తూ ఆ ఒక్క సంగతీ ఆయనకు తట్టలేదు.

పిడుగుని కూరగాయలమ్మే ఆవిడ కూతురి పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరికీ జత కుదిరింది. ఒకే పెన్సిలు చెక్కుకుని రాసుకునేవాళ్లు.

ఇక మాస్టారు చివరి పీరియడు ఎక్కడికి పోతాడు? తీసుకురావాల్సిన పిల్ల ముందు బెంచీలోనే ఉంది. పైగా కళ్లు విప్పార్చుకుని బోర్డుకేసి చూస్తూ ఉంటుంది. చెప్పక చస్తాడా? చెప్పాడు. చెప్పడం మొదలెట్టాక తెలిసింది, ఆయనకు పాఠం చెప్పడం బాగా వచ్చునని. నెల తిరిగేసరికి తరగతి మొత్తానికి భాగహారం వచ్చేసింది. వెనక బెంచీ వాళ్లు కూడా చెయ్యెత్తుతున్నారు.

ఒకరోజు బడి వదిలే వేళకు కూరగాయలావిడ గేటు దగ్గర ఆయన్ని ఆపింది.

"మాస్టారూ, మా పిల్లకి లెక్కలొచ్చేశాయండీ. బేరం దగ్గర నాకే నేర్పుతోంది."

"సంతోషమమ్మా."

"నాకూ సంతోషమే. ఒక్కటే అర్థం కాలేదు. మీకు ఇంత బాగా చెప్పడం వచ్చుగా, మరి మా పెద్దది ఇదే తరగతిలో ఉన్నప్పుడు ఏమైంది? అది లెక్కల్లో తప్పి బడి మానేసింది. ఇప్పుడు నాతో పాటు బుట్ట మోస్తోంది. మీ అమ్మాయి ఈ బెంచీ మీద కూర్చుంటే గానీ మా పిల్లలు మీ కంటికి కనపడలేదా?"

మాస్టారు ఏదో గొణిగి తప్పుకున్నాడు. ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. మాస్టారు ఏళ్ల తరబడి చివరి పీరియడు ఎగ్గొట్టి సొంత పిల్లని చర్చి బడి నుంచి తెచ్చుకునేవాడని ఉన్నదున్నట్టు చెప్పింది.

స్కూళ్ల ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. నిజమని తేలితే ఉద్యోగం ఉండదని ముందురోజే కబురందింది. మాస్టారు ఆ రాత్రి ఇంట్లో ముద్ద ముట్టలేదు. భార్య ఒకటే ఏడుపు. పిల్ల గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఎవరూ దానికి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

ఇన్‌స్పెక్టరు తరగతిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోడవారగా ఒకపక్క కూరగాయలావిడ, ఇంకోపక్క హెడ్మాస్టారు. పిల్లల్ని అడిగితే అందరూ బెంచీలకేసి చూశారు. బెత్తం పట్టుకున్న లీడరు కూడా నేల చూపులే. ఇన్‌స్పెక్టరుకి విసుగొచ్చింది.

"ఈ పాప మొన్నటిదాకా చర్చి బడిలో చదివిందండీ," అన్నాడు హెడ్మాస్టారు, వేలు చూపించి. "మాస్టారి అమ్మాయే."

"ఆహా! అయితే ఇంకేం, ఈ పాపనే అడుగుదాం. చర్చి బడి పిల్లలు అబద్ధం చెప్పరు. నిజం చెప్పమ్మా, భయం లేదు. ఆ బడి వదిలాక నిన్ను ఇంటికి తీసుకెళ్లడానికి మీ నాన్నగారు వచ్చేవారా?"

పిడుగు లేచి నిలబడింది. ఆ క్షణంలో మాస్టారు ఏం కోరుకున్నాడో దేవుడికెరుక. నిజం చెప్పెయ్యి తల్లీ అని సగం మనసు, నా ఉద్యోగం కాపాడు తల్లీ అని సగం మనసు. పిల్ల తలతిప్పి ముందు ఆయన మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"లేదండీ. అమ్మ వచ్చేది. నాన్న ఎప్పుడూ బళ్లోనే ఉండేవారు."

చెప్పడంలో తడబాటు లేదు. పక్కన కూర్చున్న కూరగాయలావిడ కూతురు చటుక్కున తలెత్తి దానికేసి చూసి, మెల్లగా బెంచీ చివరికి జరిగిపోయింది.

"అయిపోయింది!" అని లేచాడు ఇన్‌స్పెక్టరు. కూరగాయలావిడ వైపు తిరిగి, "ఏమ్మా, పెద్దమనుషుల మీద చాడీలు చెప్పడం మానుకో. ఈ పిల్లని చూసి నేర్చుకో" అన్నాడు. ఆవిడ కూతురి సంచీ తీసి భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ మాస్టారి ముందు ఆగింది.

"పోన్లెండి మాస్టారూ. చర్చి బడి పిల్ల చెప్పింది కదా, అదే నిజం అయ్యుంటుంది."

గది ఖాళీ అయింది. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం నిలబడింది. తన చేతులతో తనే పిల్లని పాడుచేశానని, ఆ సిస్టర్లు మూడేళ్లు కట్టింది తాను ఒక్క మాటతో కూల్చేశానని ఏడుపు ముంచుకొచ్చింది. పిల్ల దగ్గరికొచ్చి మోకాళ్ల మీద చెయ్యి వేసింది.

"సరిగ్గా చెప్పానా నాన్నా?"

పిల్ల కళ్లలో బెదురు చూసి, కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. "సరిగ్గానే చెప్పావమ్మా" అన్నాడు.

పిల్ల హమ్మయ్య అన్నట్టు నవ్వింది. "రేపు ఆయన మళ్లీ వచ్చి ఇంకేమన్నా అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడే చెప్పు నాన్నా. నేర్చుకుంటాను."