గాజు, గేజు

"ఒప్పుకున్నాడు వనజా! ఇమ్మానుయేలు సారు ఒప్పుకున్నాడు!"

మూల అంగడిలో ఫోను పెట్టేసి గోవర్ధన పరుగున వచ్చేసరికి వనజ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె లేచిన విసురుకు చేటలోని బియ్యం సగం నేలపాలైంది. పోతే పోనీ. పెళ్ళయి ఈ ఇంట అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమెకు నచ్చనిదంటూ లేదు. కలాసిపాళ్యం ఇంటి వెనక రేకుల షెడ్డు నచ్చింది, మొగుడి చొక్కాకంటిన ఇంజనాయిలు వాసన నచ్చింది, సాయంత్రం అతను పొట్లం కట్టించి తెచ్చే మల్లెమొగ్గలు నచ్చాయి. ఇప్పుడు షోలవరం కార్ల పందేనికి పోయే ఇమ్మానుయేలు కారు ఇంజను పని మొత్తం వాళ్ళ షెడ్డుకే వచ్చింది. అదీ ఆమె చెప్పిన మాట మీద!

పొద్దున ఆ ఇంజను బ్లాకును బల్లకెక్కించగానే మామగారు మునినారాయణప్ప తేల్చేశాడు. "రేసు బండి గదా. ఎనిమిది ట్యాపెట్ బోర్లకూ బుష్‌లు కొట్టేద్దాం." ఇంజను వాల్వులను ఎత్తే ట్యాపెట్లు ఎగిరి దిగే రంధ్రాలవి. అరిగి వదులైతే ఊళ్ళో తిరిగే కారు ఎలాగో నెట్టుకొస్తుంది. రేసు వేగంలో మాత్రం ఆ సందులోంచి ఆయిలు జారిపోతుంది, ట్యాపెట్ పక్కకు ఒరుగుతుంది. అయితే బుష్, అంటే లోపలి తొడుగు, దించాలంటే ముందు బోరును పెద్దది చెయ్యాలి. గోడ పలచబడి చిట్లిందా, బ్లాకు పాత ఇనుము కిందే లెక్క. గోవర్ధన ఎటూ తేల్చుకోలేక, నాయన బయటికి పోయిన సందు చూసి, "నువ్వు ఫిజిక్సు చదివినావు గదా, రా, బోరు కొలిచే ఈ గేజు పట్టు" అన్నాడు.

చెయ్యి పెట్టగానే గాజులు ఇనుముకు తగిలి గలగలమన్నాయి. ఒక్క పెంకు లోపల పడితే ఇంజను గతేం కావాలి? పచ్చగాజులన్నీ జార్చి తీసి గేజు పెట్టెలో పెట్టింది. ఒక్కో బోరునూ పైన, మధ్యన, అడుగున, అటు తిప్పి ఇటు తిప్పి కొలిచింది. ముల్లు కదిలినప్పుడల్లా ఒళ్ళు పులకరించింది. ఆరు బోర్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. చివరి రెండే అడుగున కోలగా అరిగాయి. "ఈ రెంటికే వేయండి. మిగతావి ముట్టుకోకండి" అంది. "నువ్వు నా అదృష్టం" అన్నాడతను. అంతలో అత్త, "వనజా, పాలు పొంగుతాండాయి!" అని కేకేసింది. ఆమె పరుగెత్తింది. గాజులు పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ 'అదృష్టం' అన్న మాటను మాత్రం అప్పటి నుంచీ కలకండ ముక్కలా చప్పరిస్తూనే ఉంది.

కాసేపటికి ఇమ్మానుయేలు రానే వచ్చాడు. వనజ కొంగు చేతుల మీదికి లాక్కుని షెడ్డులోకి కాఫీ తీసుకెళ్ళింది.

"నలుగురిని అడిగానండి. అందరూ ఎనిమిదీ వేసేద్దామన్నారు. రెండు చాలని చెప్పింది మీరొక్కరే. ఎవరు చూశారు?"

"నేనే సార్" అన్నాడు గోవర్ధన. "మాకు చెయ్యి పెడితే తెలిసిపోతాది."

వనజ మొగుడికి గ్లాసు అందించింది. ఇప్పుడు తనవైపు చూస్తాడు, కనీసం కన్ను గీటుతాడు అనుకుంది. చూడలేదు. "నేనూ ఒకసారి కొలుస్తానుండండి" అంటూ ఇమ్మానుయేలు గేజు పెట్టె తెరిచాడు. లోపల పచ్చగాజులు. "ఇవెవరివండీ?"

గోవర్ధన పెట్టె మూత దించబోయాడు. "టిఫిను తెచ్చినప్పుడు... మరిచిపోయినట్టుండాది."

మునినారాయణప్ప కోడలి బోసి చేతులు చూశాడు. ముఖం మాడింది, అంతలోనే నవ్వు పులుముకున్నాడు. "అందరి కోడండ్లకూ గాజులుంటాయి సార్. మా కోడలికి గేజు ఉండాది!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా గోవర్ధన నవ్వాడు. ఇంకో నవ్వు కూడా వినబడింది వనజకు. అది తనదేనని తెలిసి లోపలంతా చల్లబడిపోయింది.

ఇమ్మానుయేలు వెళ్ళాక అత్త అంజినమ్మ వంటింట్లో నేల మీది బియ్యం ఎత్తుతూ, "పెండ్లి గాజులు తీసి ఇనుములో పెడతారామ్మా? నా కొడుకు చల్లగా ఉండొద్దా?" అంది. గోవర్ధన గడప దగ్గర నిలబడి, ఎంతో మెత్తగా, "ఇంక నువ్వు షెడ్డులోకి రావద్దులే వనజా. నాయనకు తలవంపులు. బ్లాకులు వస్తే నేనే కొలిచి, ఆ లెక్క నీ దగ్గరికే తెస్తా. ఇక్కడే చెబుదువు" అన్నాడు. అతను అరిచినా బాగుండేది, తనూ ఎదురు అరిచేది. ఇంత ప్రేమగా తలుపు మూస్తే ఎక్కడ పట్టుకుని తెరవాలి? మెదడు కావాలట, మనిషి కనబడకూడదట. సాయంత్రం మళ్ళీ మల్లెమొగ్గలు వస్తాయి. తను తల వంచుతుంది, అతను తురుముతాడు. నిన్నటిదాకా అదే సుఖమనుకుంది.

అంజినమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పచ్చగాజులు తొడిగింది. అవి సులువుగా జారి మోచేతి దాకా పోయాయి. వనజ చూపు అత్త మణికట్టు మీద ఆగింది. ఎన్నేళ్ళ గాజులో, అక్కడ చర్మం నల్లబడి, చుట్టూ గాడి పడి, ఒక పక్కకు అరిగి ఉంది. ఏ గేజూ అక్కర్లేకుండానే కనబడింది.

"వదులుగా ఉండాయి, అందుకే ఇట్ల" అంది అంజినమ్మ, కోడలి చెయ్యి ఆప్యాయంగా నిమురుతూ. "రేపు పొద్దున్నే బళేపేట గాజుల అంగడికి పోదాం. ఒక సైజు తక్కువవి వేయిద్దాం. ఎక్కించేటప్పుడే నొప్పి. ఇంక నువ్వు తీద్దామన్నా ఊడి రావు."