నమ్మి కొన్న వాహనము

శరత్కాలము ప్రవేశించెను. కుందూనది తన వర్షాకాలపు ఎఱ్ఱని కోపమును విడిచి ఇసుకతిన్నెల నడుమ సన్నని వెండిపాయయై ప్రవహింపసాగెను. నల్లరేగడి చేలయందు జొన్నపైరు నడుమెత్తు పెరిగి ప్రభాతమారుతమునకు తరంగములవలె ఒరగుచు లేచుచు నుండెను. వానకారంతయు నల్లమల శిఖరములను కప్పియుండిన మేఘపటలము విరియుటచే తూర్పుదిక్కున కొండలవరుస నీలాంజనరేఖవలె స్ఫుటముగా గోచరించుచుండెను. త్రోవలయందలి బురద యెండి చక్రముల జాడలు గట్టిపడి దూరదేశములకు పోగోరువారిని పిలుచునట్లుండెను.

అట్టి దినములలో నంద్యాలపట్టణమున శేషారత్నమను నలువదియాఱేండ్ల స్త్రీ చిరకాలవాంఛితమగు నొక ప్రయాణమునకై మోటారుసైకిలు కొనదలచెను. ఆమె పల్లెపల్లెకు పోయి పసిబిడ్డలకు టీకాలు వేయు ప్రభుత్వోద్యోగిని. భర్త గతించి తొమ్మిదేండ్లాయెను. సంతానము లేదు. ఇరువదిరెండేండ్లు చిన్న మోపెడుపై పండ్రెండు పల్లెల నడుమ ఒకే త్రోవను పోవుచు వచ్చుచు నుండిన యామె మనస్సునందు ఏనాడో ఒక కోరిక మొలకెత్తి ఎవరికిని కానరాకుండ వేరూనియుండెను. ఏదో యొక త్రోవను దాని తుదవఱకు పోయి చూడవలెను. కన్యాకుమారివఱకు తన చేతులతో తానే బండి నడుపుకొని పోయి నేల తెగినచోట బండి నాపి దిగవలెను. ఇంతియే యామె కోరిక.

నవ్వుదురను భయముచే ఆమె ఈ సంగతి బంధువులకుగాని తోడి యుద్యోగినులకుగాని చెప్పలేదు. చెప్పినది ఒక్కనికే. వాడు ఆత్మకూరు త్రోవలో చిన్న రేకులషెడ్డు క్రింద బండ్లు బాగుచేయు ఓబులేసు. పదునొకండేండ్లుగా ఆమె మోపెడు వాని చేతిలోనే బ్రతుకుచుండెను. ఒకానొక శ్రావణమాసమున వాగు పొంగి ఆసుపత్రికి త్రోవ లేనప్పుడు వాని భార్య గంగులమ్మకు పురుడు పోసి తల్లిని బిడ్డను దక్కించినది శేషారత్నమే. నాటినుండి వాడామెను అక్కా యని పిలుచుచుండెను. తోడబుట్టినవారు లేని యామె ఆ పిలుపును నిండుమనస్సుతో స్వీకరించెను.

మూడేండ్లు సాయంకాలములయందు పని ముగించుకొని యామె ఆ షెడ్డు ముందర ముక్కాలిపీటపై కూర్చుండి దూరప్రయాణమునకు తగిన వాహనమేదని యడుగుచుండెను. వాడు నూనెచేతులు గుడ్డతో తుడుచుకొనుచు ఓర్పుతో బోధించుచుండెను.

“అందం చూడకూడదుక్కా. ఏ చిన్న ఊర్లోనైనా సామాను దొరికే బండి కావల్ల. పడిపోతే నువ్వొక్కదానివే లేపుకొనేంత బరువుండల్ల. ఎవరి దగ్గరుండిందో, ఎట్ల చూసుకొన్నారో అది విచారించల్ల.”

ఆమె ఆ మాటలను వేదవాక్యములవలె హృదయమున నిలుపుకొనెను.

తుదకు నలువది దినముల సెలవు మంజూరాయెను. ఆమె విచారింపగా కరీముల్లా యను పదవీవిరమణ చేసిన డ్రాయింగు మాస్టరు తన మోటారుసైకిలును అమ్మదలచెనని తెలిసెను. అది బూడిదవన్నె గల చిన్న యింజను బండి. చూచుటకు సామాన్యమైనది. పదేండ్లు ఒక్కచేతి క్రిందనే పెరిగి ప్రతి యవయవమును తుడువబడి తైలసిక్తమై యుండెను. శేషారత్నము ఎక్కి కూర్చుండగా ఆమె రెండు పాదములును నేలకానెను. ఆమె కన్నులు వెలిగెను. ఓబులేసు ఇంజనును మేల్కొలిపి చెవి యొగ్గి చాలసేపు వినెను. పిదప ముఖము చిట్లించి తల యడ్డముగా నూపెను.

“ఇంజను లోపల తిరిగే క్రాంకు అరిగిపోయిందిక్కా. కడప కూడా దాటదు.”

మాస్టరు నొచ్చుకొనెనుగాని కోపింపలేదు. “అమ్మా, నా బండికి అట్లాంటి జబ్బేమీ లేదు. కానీ నీకు నమ్మకమైన మనిషి చెప్తాంటే నేనేం చెప్పేది” అని తాళపుచెవిని జేబులో వేసికొనెను. శేషారత్నము కొనుటకు వచ్చిన వస్తువును కాక తన వస్తువునే విడిచి పోవుచున్నట్లు వెనుదిరిగి చూచుచు వెడలెను.

వారము గడువగానే ఓబులేసు తానే యొక బండిని చూపెను. అది నీలవర్ణముతో మిలమిలలాడుచు గంభీరధ్వని గలిగి ఏనుగుగున్నవలె బరువైనదిగా నుండెను. ఆమె పాదముల మునివేళ్లు మాత్రమే నేల నంటెను.

“నువ్వు చెప్పిన గుణాలు దీనికి లేవు కదా ఓబులేసూ?”

“పెద్ద రోడ్డు మీద లారీ పక్కన పోతే చిన్న బండి తూలిపోతుందిక్కా. ఇది తూలదు. నా సొంత అక్క పోతాందన్నా నేను ఇదే చూపిస్తా.”

సొంత అక్క యను మాట చెవిని పడగానే ఆమె సందేహము సిగ్గుపడి వెనుకకు తగ్గెను. అడుగుటయే తప్పైనట్లు తోచెను. ఆమె ఆ బండినే కొనెను.

కార్తికశుద్ధ పంచమినాటి ఉదయమున ఆమె బయలుదేరెను. ఆళ్లగడ్డ దాటెను. మైదుకూరు దాటెను. ఇరుప్రక్కల పసుపుచేలును ప్రొద్దుతిరుగుడు తోటలును ఎదురేగి వచ్చి వెనుకకు జరిగిపోవుచుండగా ఆమె జీవితమున మొదటిమాఱు తాను పోవుచోట తనకొఱకు వేచియున్న పని లేకుండుట యెట్టిదో అనుభవించెను. కడపయొద్ద భోజనము చేసి గువ్వలచెఱువు కనుమ యెక్కనారంభించెను. మలుపు వెంబడి మలుపుగా త్రోవ పైకి పాకుచుండ క్రింద లోయయందలి పొదలు ఆకుపచ్చని నురుగువలె కానవచ్చుచుండెను.

మూడవ మలుపున ఇంజనునందొక కీచుధ్వని పుట్టెను. ఆమె వేగము తగ్గించునంతలో లోపల ఇనుము ఇనుమును పట్టుకొన్నట్లు బండి బిగిసి వెనుకచక్రము తిరుగుట మానెను. బండి అడ్డముగా జారి ఆమెను త్రోవ నడుమ పడవైచెను. వెనుకనుండి వచ్చుచున్న లారీ గట్టిగా మొరలిడుచు ఆమె తలకు నాలుగడుగుల దూరమున నిలిచెను. డ్రైవరు దిగివచ్చి ఆమెను లేవనెత్తెను. ఆమె కుడిమణికట్టు విరిగెను. ఆ దయామయుడు బండిని లారీలో వేసికొని ఆమెను రాయచోటి చేర్చి కట్టు కట్టించి మస్తాన్‌వలీ యను వృద్ధమెకానిక్కుకు ఒప్పగించి పోయెను.

మస్తాన్‌వలీ తొందరపడలేదు. ఇంజను విప్పి లోపలి నూనెను అరచేతిలో పోసికొని వ్రేళ్ల నడుమ నలిపెను. వాని చేతిలో నల్లని నూనెతో సన్నని ఒండ్రుమట్టి మిగిలెను.

“ఇది నీళ్లలో మునిగిన బండేనమ్మా. ఒకటి రెండు దినాలు కాదు, ఇంకా ఎక్కువే మునిగింది.”

“కొనిపెట్టినాయన చూసుకోలేదేమో” అని శేషారత్నము మెల్లగా పలికెను. గాయపడిన చేతితో ఆమె ఇంకను వానినే కాపాడుచుండెను.

వృద్ధుడు జాలితో ఆమెవంక చూచెను. “చూసినాడమ్మా. పైన తుప్పంతా గీకి రంగేసినాడు. వైర్లన్నీ కొత్తవి వేసినాడు. విప్పి మూసినోడు పని తెలిసినోడే. తెలియక చేసిన పని కాదు ఇది.”

అని వాడు సీటు క్రిందినుండి తీగలకట్టను లాగి చూపెను. ఆ తీగలు నీలిదారముతో మూడు చుట్లు చుట్టి పైన రెండు ముడులు వేయబడి యుండెను. తన మోపెడు తీగలను పదునొకండేండ్లుగా బంధించుచు వచ్చిన ముడి అది. ఆమె దాని నెరుగును. ఆమె ఆ ముడిపై వ్రేలుంచి తడిమి చూచెను. ఇరువదిరెండేండ్లు బిడ్డల కన్నీళ్లు తుడిచిన యామెకు తన కన్నీరు తుడుచుకొనుటకు ఎడమచేయి యొకటియే మిగిలెను.

మఱునాడామె బస్సులో నంద్యాల చేరి తిన్నగా ఓబులేసు ఇంటికి పోయెను. వాడింట లేడు. వాకిట వేపచెట్టు నీడను బూడిదవన్నె మోటారుసైకిలొకటి కడిగి తుడిచి నిలుపబడి యుండెను. దాని నామె చూచినంతనే గుర్తించెను.

గంగులమ్మ పరుగున వచ్చి చేతికట్టును చూచి కళవళపడి కుర్చీ వేసెను. శేషారత్నము బండివంక చూపగా ఆ నిర్మలహృదయ దాచవలసినదేమైన నున్నదని యెరుగక చెప్పెను.

“మాస్టరు దగ్గర కొనె వదినా, నువ్వు పోయే ముందే. రెండుసార్లు దీనిమీదనే కర్నూలు పోయొచ్చినాడు. ఇంత మంచి బండి దొరకదంట.”

అంతలో ఓబులేసు వచ్చెను. ఆమెను చూచెను. కట్టిన చేతిని చూచెను. గడప యవతలనే నిలిచిపోయెను.

“అది మునిగిన బండని నీకు తెలుసునా?”

“తెలుసుక్కా. పోయిన ఏడు కుందూకు వరద వచ్చినప్పుడు మునిగింది. ఎవరూ కొనకుండా నా మెడకు పడె.”

“ఈ మాస్టరు బండి మంచిదని కూడా నీకు తెలుసు.”

“తెలుసు.”

“లారీ ఆపకపోయింటే నేను చచ్చిపోయేదాన్ని ఓబులేసూ.”

అప్పుడు వాడు తల యెత్తెను. వాని ముఖమున భయమును సిగ్గును ఉండెనుగాని ఆ రెంటికంటె ఎక్కువగా ఆశ్చర్యముండెను. “నువ్వు నిజంగా పోతావని నేననుకోలేదుక్కా. మూడేండ్లు నువ్వు చెప్తాంటివి, నేను వింటాంటి. నాలుగు వీధులు తిప్పుకొని సంతోషపడి ఇంట్లో పెట్టుకొంటావనుకొంటి. ఊర్లో తిరిగేదానికైతే అది పదేండ్లు వచ్చేది.”

ఆ మాటతో ఆమె హృదయమున అంతవఱకు విరుగక మిగిలియుండిన దేదియో విరిగెను. వాడు లోభముచే మాత్రమే వంచించియుండిన క్షమించుటకు కొంత త్రోవ యుండెడిది. మూడేండ్ల సాయంకాలములును ఆమె ముందర పరచి కూర్చున్న స్వప్నమును వాడు చంటిబిడ్డ ఆటగా చూచెను. ఓర్పుతో బోధించిన ప్రతిగుణమును నమ్మినది ఆమె యొక్కతెయే. బోధించినవాడు ఒక్కనాడును నమ్మలేదు.

వాడు బూడిదవన్నె బండి తాళపుచెవి తెచ్చి రెండుచేతులతో చాచెను. “ఇది తీసుకోక్కా. నీదే.”

“దీన్ని నాకు చూపించాల్సిన దినం అయిపోయింది” అని శేషారత్నము లేచెను. గడప దాటునపుడు గంగులమ్మ ఏడ్చుచుండెను. ఆమె గంగులమ్మ తలపై ఎడమచేయి యుంచి ఓదార్చి వానివంక చూడక వెడలిపోయెను. వాడు అక్కా యని పిలిచెను. ఆ పిలుపునకు ఉత్తరమిచ్చుటకు ఆమెలో ఎవరును లేరు.

మణికట్టు అతుకుటకు రెండు మాసములు పట్టెను. పిదప సెలవుదినములందు ఆమె కర్నూలునకును కడపకును బస్సులలో పోయి పదునాలుగు బండ్లు చూచెను. ఇంజను నూనెను అరచేతిలో పోయించుకొని వ్రేళ్ల నడుమ నలిపి చూచెను. సీటు లేపి తీగలు చూచెను. చల్లారిన యింజనును తానే తన్ని మేల్కొలిపి చెవి యొగ్గి వినెను. అమ్మువారు విసుగుకొనిరి. కొందఱు నవ్విరి. ఆమె నవ్వులను లెక్కింపలేదు. తుదకు కడపలో ఒక పాలవ్యాపారి వాడిన ఎఱ్ఱని పాతబండిని ఎంచుకొనెను. మాఘమాసమున మరల సెలవు పుచ్చుకొని ఎవరికిని చెప్పకయే బయలుదేరెను.

తిరునల్వేలి దాటిన పిదప ఒక పెట్రోలుబంకునందు నెల్లూరి లారీడ్రైవరొకడు ఆమె బండిపై తెలుగక్షరములు చూచి సంతోషించి దగ్గరకు వచ్చెను. బండి చుట్టును తిరిగి చైనును చూచెను. ఇంజను ధ్వని వినెను.

“ఇంత దూరం వచ్చినా చప్పుడు మారలేదమ్మా. మంచి బండి పట్టినారు. ఎవరు చూసిపెట్టినారు?”

“ఎవరూ లేరు. నేనే చూసుకొంటి.”

వాడు మెచ్చుకొని పోయెను. ఆమెకు గర్వము కలుగలేదు. శత్రువు చేసిన కీడు మనుష్యుని జాగరూకునిగా చేయును. ఆప్తుడు చేసిన కీడు వానిని నేర్పరిని చేసి యొంటరిని చేయును.

ఆమె బండి నెక్కి దక్షిణమునకు సాగెను. కొండల నడిమి సందున పెనుగాలి ఎదురువచ్చి కొంగును లాగెను. చిన్న బండి కొంత తూలెనుగాని నిలద్రొక్కుకొనెను. క్రోసెడు దూరము పోగా ఆ గాలిలో మొదటిమాఱు ఉప్పువాసన తగిలెను. సముద్రము సమీపించెనని ఆమె యెరిగెను. ఆ సంగతి చెప్పవలెనని ఆమె మనస్సునకు తోచిన మనుష్యుడు, మూడేండ్లు ఆమె కోరికను విన్నవాడు, లోకమున ఒక్కడే యుండెను. వానికి చెప్పుటకు వీలులేదు.