మంచం విరిగిన మర్నాడు

బేతంచెర్లలో రెజీనా, యేసుప్రసాద్ దంపతులు తమ ఇంటి పక్కనున్న రెండు మంచాల గదిని ఊరు చూడవచ్చేవాళ్లకు అద్దెకిస్తారు. బిల్లసర్గం గుహల కోసం వచ్చేవాళ్లు తక్కువే. ఈసారి ఫిబ్రవరిలో పోలండు నుంచి మారెక్, ఎవా అనే భార్యాభర్తలు వచ్చి నాలుగు రోజులున్నారు. గదిలో ఏమైనా పాడైతే ఉంటుందని ముందే ఐదు వేలు డిపాజిట్ కట్టారు. వెళ్లేటప్పుడు ఆ డబ్బు తిరిగివ్వాలి.

మారెక్ ఆరున్నర అడుగుల మనిషి, ఒళ్లు కూడా అందుకు తగ్గట్టే. మూడో రోజు పొద్దున బూట్లు వేసుకుందామని మంచం మీద కూర్చున్నాడు. ఫెళ్లుమంది. రెజీనా పరిగెత్తిపోయి చూస్తే మంచం ఒక పక్కకు ఒరిగిపోయింది, ఆయన నేల మీద ఉన్నాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ మొహం కందగడ్డయింది. "సారీ, సారీ" అంటూనే ఉన్నాడు. ఆ రోజంతా కుర్చీలో కూర్చోలేదు. రెజీనా స్టూలు తెచ్చి వేసినా వద్దని చెయ్యూపి, నిలబడే ఇడ్లీలు తిన్నాడు.

మర్నాడు ఆటో ఎక్కేటప్పుడు డిపాజిట్ ఇవ్వబోతే తీసుకోలేదు. మంచం వైపు చూపించి, దానికి ఉంచుకోమన్నాడు. ఆటో డోన్ స్టేషనుకు వెళ్లిపోయింది.

గది ఊడుస్తూ రెజీనా విరిగిన మంచం కోడును చేతిలోకి తీసుకుంది. బెండులా తేలిగ్గా ఉంది. లోపలంతా చెదలు. పైన రంగు, రంగు కింద మూడు మేకులు.

"ఏమప్పా, ఈ మేకులు నువ్వు కొట్టినవేనా?" అని మొగుణ్ని అడిగింది.

"క్రిస్మస్ ముందర కొట్టినాలే. కొత్త మంచానికి దుడ్లు యాడుండాయి?" అన్నాడు యేసుప్రసాద్.

"మరి ఈ ఐదు వేలు మనమెట్ల పెట్టుకుంటాం?"

"వాళ్లే వద్దని పోయిరి గదా. మనమేమన్నా లాక్కున్నామా?"

"మనింట్లో నిలబడి తిన్నాడప్పా ఆయప్ప. తన ఒంటి బరువుకే ఇరిగిందనుకుంటాండాడు. ఊరికి పోయినా అదే అనుకుంటాడు."

"సరేలే, ఫోన్లో పంపుదాం."

"మన ఫోన్లోంచి ఆ దేశం బ్యాంకుకు పోవంట. బండి తియ్యి, రైలు రాకముందే పోదాం."

యేసుప్రసాద్ లోపలికి పోయి బండి తాళం తెచ్చాడు.

డోన్‌కు చేరేసరికి రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద ఎవా బెంచీ మీద కూర్చుని ఉంది. మారెక్ సామాను పక్కన నిలబడి ఉన్నాడు. రెజీనా ఫోన్ తీసి, తెలుగును ఇంగ్లీషులోకి మార్చే యాప్ తెరిచి, గట్టిగా మాట్లాడింది.

"సార్, మంచం మీ బరువుకు ఇరగలేదు. చెదలు తినేసినాయి. మీ దుడ్లు మీరు తీసుకోండి."

ఫోన్ ఏం చెప్పిందో గానీ మారెక్‌కు అర్థం కాలేదు. రెజీనా సంచిలోంచి కోడు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని బెంచీ అంచుకు కొట్టాడు. పొడి జలజలా రాలింది, పొడిలో రెండు తెల్లటి చెదలు కదిలాయి. ఆయన వంగి వాటినే చూశాడు. భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఎవా నవ్వు ఆగక కళ్లు తుడుచుకుంది.

అయినా డబ్బు తీసుకోవడానికి వెనకాడాడు. అప్పుడు యేసుప్రసాద్ ముందుకొచ్చి ఫోన్ తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పు నాది సార్. నాకు తెలుసు. మేకులు కొట్టి రంగేసినా. మిమ్మల్ని కూచోబెట్టినా."

ఈసారి ఫోన్ సరిగ్గానే చెప్పింది. మారెక్ నోట్లు తీసుకుని, లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత హమ్మయ్య అన్నట్టు బెంచీ మీద బరువంతా వేసి కూర్చున్నాడు. పక్కన తట్టి యేసుప్రసాద్‌ను కూడా కూర్చోమన్నాడు. నలుగురూ టీ తాగారు. టీ డబ్బులు ఎవరిస్తారని కాసేపు గుంజుకుంటే యేసుప్రసాద్ నెగ్గాడు.

రైలు కదిలాక కిటికీలోంచి ఇద్దరూ చేతులూపారు.

బండి దగ్గరికి నడుస్తూ యేసుప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ రెండో మంచం కూడా ఒకసారి చూడాల మే."

రెజీనా ఆగిపోయింది. "దాంట్లో ఎన్ని మేకులుండాయి?"

"దానికి రెండే."