అపొల్లోనియా ముఖం

మిలాన్‌లో ఎంతకీ తెమలని పనిని దువోమో పని అంటారు. మా పెద్దచర్చి అది. దాదాపు ఆరువందల ఏళ్ళు కట్టారు. కట్టడం అయ్యేసరికి మొదట చెక్కినవి అరిగిపోయాయి. అరిగినదాన్ని దింపి, అచ్చం అలాంటిదే చెక్కి ఎక్కించాలి. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు ముప్ఫై రెండేళ్ళుగా ఇదే బతుకు. అందులో ఇరవై ఏళ్ళు ఆకులే చెక్కాను. ఉత్తరం వైపు ఆకులు. పావురాలు తప్ప ఎవరూ చూడరు.

శత్రువులు పళ్ళు ఊడగొట్టి చంపిన పునీత అపొల్లోనియా విగ్రహాన్ని దింపినప్పుడు, కొత్తది చెక్కే పని ఇక నాకేననుకున్నాను. మేస్త్రి బ్రాంబిల్లా దాన్ని గౌదెన్సియోకి ఇచ్చాడు. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న.

"ముఖమంతా వాన తినేసిందయ్యా సెవెరినో. చూసి చెక్కేది కాదు, ఊహించాలి. నీ చెయ్యి ఆకులకి అలవాటుపడిపోయిందిలే."

అలవాటు చేసిందెవరు?

మా దగ్గరొక కట్టుబాటుంది. కొత్తరాయిని చెక్కేవాడు కాకుండా మరొకడు సుత్తితో తట్టి, విని, మాట చెప్పాలి. తన రాయి మీద మోజుతో ఎవడికైనా మంచి మోతే వినిపిస్తుంది మరి. గౌదెన్సియో నన్నే పిలిచాడు.

"అన్నా, నీ చెవికి తిరుగులేదంటారు. కాస్త చూసిపెట్టు."

గులాబీ చాయ చలవరాయి. కింద ఖంగుమంది. పైన, తల రావలసిన చోట, బీటపడ్డ కుండలా పలికింది.

"గంటలా ఉందిరా" అన్నాను.

"నీ నోట్లో పంచదార పొయ్య!" అని, వాడి రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. తిన్నాను.

ఏడు నెలలు చెక్కాడు. ఆ తల ఎప్పుడు విడుతుందా అని చెవి అటే వేసి నా ఆకులు నేను చెక్కుకున్నాను. ఈలోగా ఆ బోడిముఖంలోంచి వాడొక ఆడమనిషిని బయటికి తీశాడు. నొప్పిని బిగబట్టిన నోరు, అయినా కొట్టినవాణ్ణి ఎగతాళి చేస్తున్నట్టు చిన్న వంపు. నాకు జన్మలో తట్టేది కాదు. అది తెలిసి కడుపు ఇంకా మండింది.

చివరి వారం, జుట్టు దిద్దుతుండగా తల రెండుగా విడిపోయింది.

"చెయ్యి బరువుగా పడింది" అన్నాడు గౌదెన్సియో. అంతే. నా పేరెత్తలేదు.

మేస్త్రి కొత్తరాయి నాకిచ్చాడు. ఈసారి తట్టింది గౌదెన్సియో. "తల దగ్గర మూడుసార్లు చూశానన్నా. భయం లేదు" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ.

ఒళ్ళూ, బట్టా పాత విగ్రహం చూసి చెక్కేశాను. ముఖం దగ్గర చెయ్యి ఆగింది. నాలుగు రోజులు ఊహించాను. ఏదీ మనిషి ముఖం కాలేదు. ఐదోరోజు అందరూ భోజనానికి పోయాక, రాళ్ళ కుప్పలోంచి గౌదెన్సియో చెక్కిన తల రెండు ముక్కలూ ఏరి, తాడుతో కట్టి ఎదురుగా పెట్టుకున్నాను.

విగ్రహం ఎక్కించిన రోజు మేస్త్రి నా భుజం తట్టాడు. "నిన్ను ఆకులకి వదిలేసి తప్పు చేశానయ్యా." అని, కళ్ళు చిట్లించి, "ఏరా గౌదెన్సియో, ముఖం నువ్వు చెక్కినదానిలా లేదూ?" అన్నాడు.

వాడు తలెత్తి చాలాసేపు చూశాడు.

"లేదు మేస్త్రీ. అచ్చంగా అన్న ఊహించిన ముఖమే. గంటలా ఉంది."

అబద్ధంలో కూడా వాడి పనే నాకంటే నున్నగా ఉంది.