కిటికీలు తెరిచిన షిఫ్టు

వదిన జిగురు డబ్బా పక్కనే కుప్పకూలింది. పడేముందు చెయ్యి చాచి వెనకున్న కిటికీ తలుపు తోసింది. ఆమె ఇంకా నేలమీద ఉండగానే ఆ తలుపు మళ్ళీ మూసుకుంది. మూసింది సూపర్‌వైజరు అనుకునేరు. కాదు, పక్క పీట మీద కూర్చుని బూట్లకు జిగురు పూస్తున్న సొంత ఆడపడుచు.

ఆ పిల్లను తిట్టిపోసే ముందు ఆ పని సంగతి తెలుసుకోవాలి. సోలుకు జిగురు పూయాలి, పై తోలుకు పూయాలి, అంటుకునే పదును చూసి రెండూ కలిపి నొక్కాలి. గాలి తగిలితే జిగురు ముందే ఆరి పొర కడుతుంది. సోలు ఊడిన బూటు వెనక్కొస్తే పూసిన మనిషి కూలిలో కోత. అందుకే ఆ బూట్ల ఫ్యాక్టరీ హాల్లో కిటికీలు మూయమని ఎవరూ చెప్పక్కర్లేదు, పనివాళ్ళే మూసుకునేవాళ్ళు. యజమాని తెలివంతా అక్కడే ఉంది. మన ఊపిరికి గొళ్ళెం మనచేతే పెట్టించాడు.

"ఈవిణ్ణి పక్కకి లాగండి. లైను ఆగకూడదు," అన్నాడు సూపర్‌వైజరు, మణికట్టు చూసుకుంటూ. అతనికి గడియారం అన్న పేరు ఊరికే రాలేదు.

లాగారు. లైను ఆగలేదు.

ఆ రోజు నుంచి వదిన ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది. మొదట జిగురు పడలేదు. తర్వాత సబ్బు, పౌడరు, ఫినాయిలు, కొత్త బట్ట, పెయింటు, ఆఖరికి అచ్చు కాగితం కూడా. వాసన తగిలితే చాలు, తల పగిలిపోయేది, గొంతు బిగుసుకునేది, నోట్లో మాట తడబడేది. ఒక డాక్టరు "రిపోర్టులన్నీ బాగున్నాయి, అనవసరంగా భయపడుతున్నావమ్మా" అన్నాడు. ఆయన గదికి అప్పుడే రంగులేశారు. ఆ మాట పూర్తయ్యేలోపే వదిన మెట్లమీదికొచ్చి వాంతి చేసుకుంది. ఇంకో ఆసుపత్రిలో వయసు మళ్ళిన డాక్టరమ్మ ఒకావిడ కాస్త ఓపిగ్గా విన్నది.

"నీకు రసాయనాలు పడవు. దీనికి మందు లేదమ్మా. పడనివాటికి దూరంగా ఉంటే బాగానే బతుకుతావు."

"దూరంగా అంటే ఎక్కడికెళ్ళమంటారు?"

ఆవిడ తర్వాతి రోగిని పిలిచింది.

అయినా వదిన బతకడం నేర్చుకుంది. వెనక వరండాలో ఇనప మంచం వేసుకుంది. బట్టలు ఉత్తనీళ్ళలో ఉతికి ఎండలో పడేసేది. సరుకులు మోసే మొగుడు వీధి పంపు దగ్గరే చొక్కా విప్పి, ఒళ్ళు కడుక్కుని లోపలికొచ్చేవాడు. "పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్ని స్నానాలు చెయ్యలేదే," అని సణిగేవాడు. సణుగుతూనే చేసేవాడు. అలా జరిగిన రోజుల్లో వదిన వంట చేసింది, కూనిరాగం తీసింది, అద్దంలో తన మొహం చూసుకుని నవ్వుకుంది. ఇంతలో పక్కింటివాడు దోమల మందు కొట్టేవాడు. ఆ వారమంతా మళ్ళీ మంచమే. తన బాగు తన చేతుల్లో లేదని, పక్కవాళ్ళందరి చేతుల్లో ఉందని తెలిసినకొద్దీ ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

ముందు గదిలో ఉండే ఆడపడుచు ఆమెతో పెరటి గోడ అవతల నుంచే మాట్లాడేది. ఎంత కడిగినా జిగురు వాసన జుట్టులోంచి పోదు కదా.

"వదినా, ఆరోజు కిటికీ మూసింది నేనే."

"తెలుసు."

"తిట్టరాదూ?"

"తిట్టడానికి ఊపిరుంటే నీతో ఇంత దూరం నుంచి మాట్లాడతానా?"

పిల్ల గొంతు తగ్గించి అంది. "నాక్కూడా సబ్బు వాసన పడట్లేదు వదినా. పొద్దున కళ్ళు తిరిగాయి. అన్నయ్యతో చెప్పకు."

వదినకు లేచి వెళ్ళి పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచింది.

ఈ సంగతి ఫ్యాక్టరీ కార్మిక సంఘంలో పెట్టింది వదినే, మొగుడిచేత కబురంపి. సంఘం పెద్ద, తోలు కోసే మావయ్య, "ఆమె వచ్చి తన నోటితో చెప్పాలి" అన్నాడు. వదిన వస్తోందంటే ఆడవాళ్ళకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. సంఘం గదిని ఫినాయిలుతో అద్దంలా కడిగారు. సెంటు చల్లారు. వాసన సబ్బుతో తలంట్లు పోసుకుని, పౌడర్లు పూసుకుని వచ్చారు. వదిన గుమ్మంలో ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టలేక వీధిలో చతికిలబడి తల పట్టుకుంది.

"నీకోసమేగా కడిగాం వదినా!" అని ఒకామె ఏడ్చేసింది.

"తెలుసమ్మా. ప్రేమగానే చంపుతున్నారు."

పై తోళ్ళు కుట్టే కుట్టుమిషను అక్కకు ఒళ్ళు మండింది. "ఒక్క మనిషి కోసం మేమందరం సబ్బులు మానాలా? రేపు అన్నం మానమంటే?"

"ఒక్క మనిషి అని ఎవరన్నారక్కా?" ఆడపడుచు లేచింది. "వాసనలకి కళ్ళు తిరిగేవాళ్ళు చేతులెత్తండి. మొగుడికి చెప్పనివాళ్ళు కూడా."

మావయ్య తలొంచుకున్నాడు. మూలనుంచి ఒక చెయ్యి లేచింది, దాని పక్కది లేచింది. అన్నిటికన్నా ఆఖర్న, ఎవరివైపూ చూడకుండా, కుట్టుమిషను అక్క చెయ్యి లేచింది.

తర్వాతి మీటింగు ఖాళీ స్థలంలో పెట్టుకున్నారు. అందరూ ఉత్తనీళ్ళలో ఉతికిన పాతబట్టలతో వచ్చారు. "ఇవాళ ఎవరి కంపు వాళ్ళదే," అని ఒకామె అంటే నవ్వులు లేచాయి. వదిన గాలి వచ్చే వైపు నిలబడి మాట్లాడింది.

"నాకోసం కిటికీలు తెరవద్దు. నేనింక ఆ హాల్లోకి రాలేను, ఎప్పటికీ రాలేను. నా పీట మీద కూర్చునేవాళ్ళకోసం తెరవండి. చెడుగాలి లాగేసే ఫ్యాన్లు పెట్టమనండి. సోలు ఊడితే కూలి కొయ్యొద్దనండి. కోత ఉన్నంతకాలం కిటికీలు మనమే మూస్తాం."

మర్నాడు పొద్దుటి షిఫ్టు లోపలికెళ్ళి అన్ని కిటికీలూ బార్లా తెరిచింది. జిగురు డబ్బాల్లోనే పొర కట్టింది. ఆడవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"మూయండి!" అని అరిచాడు గడియారం.

"నువ్వే మూసుకో బాబూ. ఇన్నాళ్ళూ మాచేత మూయించావుగా," అంది ఆడపడుచు.

అతను ఒక్కో కిటికీ మూసుకుంటూ ఉరికాడు. వెనకాలే వీళ్ళు తెరుచుకుంటూ పోయారు. పాపం, అతనికి కూడా ఆయాసం వచ్చింది. అప్పుడు పోలీసు వ్యాను వచ్చింది.

ఎదురుగా రోడ్డవతల నిలబడ్డ వదిన ఇదంతా చూసింది. మావయ్యను కాలరు పట్టి లాక్కొచ్చారు. ఆడవాళ్ళను వ్యానులోకి తోశారు. ఆడపడుచు చెవి దగ్గర రక్తం కనపడగానే వదిన రోడ్డు దాటి పరిగెత్తింది.

"నన్నూ ఎక్కించండి. మొదలుపెట్టింది నేను!"

కానిస్టేబులు తలుపు తీశాడు. ఫినాయిలు నీళ్ళతో అప్పుడే కడిగిన వ్యాను అది. డ్రైవరు ముందు సెంటు సీసా వేలాడుతోంది. వదిన మెట్టుమీద కాలు పెట్టింది. గొంతు మూసుకుపోయింది. కమ్మీ పట్టుకుని వేలాడింది, మళ్ళీ ప్రయత్నించింది, చేతులు జారి వెల్లకిలా పడింది.

"జైలుకి కూడా పనికిరాదు ఈవిడ," అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

వ్యాను కిటికీ జాలీలోంచి ఆడపడుచు గొంతు చించుకుంది. "దూరం వదినా! దూరం జరుగు!"

వ్యాను పొగ వదిలి కదిలింది. ఆ పొగకు కూడా దూరం జరగడం తప్ప ఏమీ చెయ్యలేని మనిషి, ఫుట్‌పాత్ మీదికి పాకి, గోడకానుకుని బావురుమంది. తనవాళ్ళందరూ తనకోసం వెళ్ళారు. తను వాళ్ళ వెనక వెళ్ళలేకపోయింది. ఫ్యాక్టరీ లోపల సుత్తి చప్పుడు మొదలైంది. కిటికీలకు మేకులు కొడుతున్నారు.

మధ్యాహ్నం షిఫ్టు వచ్చింది. జరిగిందంతా దారిలోనే విన్నారు. ముందున్నది కుట్టుమిషను అక్క. అందరి ఒంటిమీదా జిగురు బట్టలే. దగ్గరికి రావద్దని వదిన చేత్తో సైగ చేసింది. అలా సైగ చెయ్యాల్సి వచ్చినందుకు సిగ్గుతో మొహం తిప్పుకుంది.

అక్క నేలమీంచి చిటికెడు దుమ్ము తీసి వేళ్ళలోంచి వదిలింది. అది ఎటు పోతోందో చూసింది.

"గాలి వదిన మీంచి మనవైపు వస్తోంది. ఇటే కూర్చోండి. ఆమె వెనక్కి ఎవరూ వెళ్ళొద్దు."

గేటుకు అడ్డంగా అందరూ కూర్చున్నారు, ఒకరిని ఆనుకుని ఒకరు. గడియారం మణికట్టు చూసుకుంటూ వచ్చాడు.

"షిఫ్టు టైమైంది. లేవండి!"

"మేకులు పీకించు," అంది అక్క. "వ్యానెక్కినవాళ్ళని తెప్పించు. అప్పుడు లేస్తాం."

వదిన మెల్లగా ఊపిరి తీసుకుంది. అందింది. లోపల సుత్తి చప్పుడు ఆగలేదు. బయట ఎవరూ లేవలేదు.