చుక్కాని దగ్గర అన్నయ్య

ఆ శనివారం పొద్దున టోంగా దీవుల్లోని నెయాఫూ రేవులో లెసియేలి ఒక కాలు గట్టు మీద, ఇంకో కాలు పడవలో పెట్టి అలాగే ఆగిపోయింది. చుక్కాని చక్రం దగ్గర అటు తిరిగి నిలబడ్డ మనిషి రోజూ పడవ నడిపే పౌలాసి కాదు. పౌలాసిది సన్నటి, వంగిన వీపు. ఈ వీపు తలుపంత ఉంది. ఆ వీపును ఆమె పుట్టినప్పటినుంచీ చూస్తోంది.

"అత్తా! అక్కడున్నది అన్నయ్యా?"

కలొలైనే అత్త గట్టు మీద నిలబడి, అక్కడి ఆచారం ప్రకారం నడుముకు చుట్టిన చాప సర్దుకుంటోంది. పడవ ఆవిడదే. "మీ అన్నయ్యే. పౌలాసి నిన్న ఏవో నత్తలు తిని కడుపు పట్టుకు పడుకున్నాడు. ఫిలిమోనేకి కబురంపాను. వచ్చాడు."

రాక ఏం చేస్తాడు? కలొలైనే ఈ అన్నాచెల్లెళ్ళ నాన్నకు అక్క. మేనత్త రమ్మంటే టోంగాలో ఎవడైనా తింటున్న కంచం వదిలేసి వస్తాడు. ఫిలిమోనే అయితే సరుకుల పడవ పని మానుకుని, తలైనా దువ్వుకోకుండా వచ్చాడు.

"కాదత్తా, ఇవాళ నేను మాట్లాడాలి కదా..."

"నువ్వు మాట్లాడతావు, వాడు నడుపుతాడు. వాణ్ణి మాట్లాడమన్లేదు, నిన్ను నడపమన్లేదు. ఇందులో గొడవేముందే?"

గొడవ ఎక్కడుందో లెసియేలికి తెలుసు గానీ మేనత్తకు చెప్పే దారి లేదు. ఆ రోజు ప్రయాణం ఆమెకు పరీక్ష. ఈ సీజనంతా తిమింగలాలను చూపించే గైడుగా ఉంచుకోవడమో, మళ్ళీ వనిల్లా కాయలు ఎండబెట్టే షెడ్డుకు పంపేయడమో ఇవాళే తేలుస్తానంది అత్త. పెట్టిన షరతు ఒక్కటే. "దిగేటప్పుడు ప్రయాణికులను నేనే అడుగుతాను, తిమింగలాలు ఇంత దూరం ఎందుకొస్తాయి అని. ఒక్కరు తెల్లమొహం వేసినా నువ్వు షెడ్డుకే."

"వాళ్ళ మొహాలు ఎలాగూ తెల్లవే కదత్తా," అని నిన్న సాయంత్రం నవ్వింది లెసియేలి. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తిమింగలాలు దక్షిణాన మంచు సముద్రం నుంచి ఇక్కడికి రెండు పనుల మీద వస్తాయి. జత కట్టడానికి, కనడానికి. టోంగా ఆచారంలో ఆ రెండు మాటల్లో ఒక్కటి కూడా అన్న వినేలా చెల్లెలి నోట రాకూడదు. ఇంట్లో టీవీలో ఎవడైనా ఎవత్తె చెయ్యైనా పట్టుకుంటే చాలు, ఫిలిమోనే లేచి గునపం తీసుకుని చేమదుంపల తోటలోకి పోతాడు. ఆ తోటంత శుభ్రంగా ఆ దీవిలో ఇంకెవరి తోటా ఉండదు. ఇంటి దగ్గర సరే, నడిసముద్రంలో ఎక్కడికి పోతాడు? పైగా మైకులో మాట్లాడితే గొంతు వినపడే పెట్టె సరిగ్గా అతని నెత్తి మీదే వేలాడుతోంది.

పడవ కదిలింది. ఎండ, గాలి, దీవుల మధ్య నీలం నీళ్ళు. ప్రయాణికులు పిల్లల్లా పడవకు ఆ పక్కకూ ఈ పక్కకూ పరుగులు పెడుతున్నారు. న్యూజిలాండు నుంచి వచ్చిన కెన్ తాతా, ఆయన భార్య మార్జరీ మామ్మా మాత్రం ముందు బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. మామ్మకు చెవుడు. కూర్చోగానే ప్రకటించింది.

"అమ్మాయ్, గట్టిగా చెప్పాలి. వినపడకపోతే నాకు కోపం వస్తుంది."

"దానికి వినపడినా కోపమే," అన్నాడు తాత.

హుంగా దీవి పక్కన తల్లీ పిల్లా కనపడ్డాయి. తల్లి నీళ్ళ మీద నల్లటి దిబ్బలా తేలుతోంది. పిల్ల దాని ముక్కు మీదికెక్కి జారి, మళ్ళీ ఎక్కి జారుతోంది. పిల్ల అంటే ఆ పడవలో సగం. ఫిలిమోనే ఇంజిను ఆపేశాడు. అందరూ ఒక్కసారే "ఓ..." అని మూలిగారు. లెసియేలి మైకు అందుకుంది. 

"ఇది తల్లి. అది పిల్ల. ప్రతి ఏడూ ఇక్కడికి వస్తాయి. ఎందుకంటే ఇక్కడ వాటికి... పిల్లలు... దొరుకుతాయి."

"ఏమంది?" అని అడిగింది మామ్మ.

"పిల్లలు దొరుకుతాయట!" అని తాత అరిచాడు.

"అయ్యో, తప్పిపోయాయా? ఎవరు పారేసుకున్నారు?"

"తప్పిపోలేదు మామ్మా. అంటే, అవి వస్తాయి. వెచ్చటి నీళ్ళలోకి. వచ్చాక... ఇద్దరవుతారు."

"ఎలా అవుతారు?"

లెసియేలి వెనక్కి చూసింది. అన్నయ్య రెండు చెవులూ పగడాల్లా ఎర్రబడ్డాయి. ఇంకేదీ కనపడనంత దీక్షగా దిక్సూచి వైపు చూస్తున్నాడు. ఆ చెవులను కలొలైనే అత్త కూడా చూసింది. మేనకోడలి మొహం చూసింది. మళ్ళీ చెవులు చూసింది. కొబ్బరి బొండం తాగుతున్న ఆవిడకు పొలమారింది.

అప్పుడు తట్టింది ఆవిడకు, ఒకే పడవలో ఎవరిని ఎక్కించిందో. కానీ మేనత్త పొరపాటు చేయదు. ఆ ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు, అందరికంటే బాగా ఆవిడకు తెలుసు.

"ఒరే ఫిలిమోనే! పడవ అడుగున నీళ్ళు చేరినట్టున్నాయి. చూసిరా."

"పొద్దునే చూశానత్తా. పొడిగా ఉంది."

"అయితే ఎందుకు పొడిగా ఉందో చూసిరా!"

ఫిలిమోనే మారు మాటాడకుండా, కొంచెం హాయిగా కూడా, కింద గదిలోకి దూరాడు. తల కనుమరుగవడమే ఆలస్యం, లెసియేలి మైకు పారేసి ప్రయాణికుల మధ్యకు దూకింది. ఆనకట్ట తెగినట్టు చెప్పేసింది. ఏడాది పాటు కడుపు మోసి ఇంత దూరం ఎలా ఈదుకొస్తుందో, ఇక్కడే ఎందుకు కంటుందో, మంచు నీళ్ళలో పుడితే పిల్ల ఎలా గడ్డకట్టుకు పోతుందో, పిల్లకు కొవ్వు పట్టాక తిరుగు ప్రయాణం ఎలా కడుతుందో. తల్లి ఇక్కడున్నన్నాళ్ళూ ఏమీ తినకుండా పాలివ్వడం గురించి చెప్పేసరికి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"అర్థమైంది!" అంది మామ్మ. "పురుడు పోసుకోవడానికి పుట్టింటికొస్తుంది. అలా చెప్పొచ్చుగా మొదట్లోనే. మరి మొగుడెక్కడ?"

లెసియేలి నోరు తెరిచింది. "మొగుడి సంగతేంటంటే మామ్మా..."

"అదిగో!" అని పడవ వెనక నుంచి ఎవరో కేక పెట్టారు.

దీవి మలుపు దాటి సముద్రం ఉడుకుతూ వస్తోంది. ముందు ఒక ఆడ తిమింగలం, వెనక అరడజను మగవి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, తోకలతో బాదుకుంటూ, రైళ్ళు పట్టాలు వదిలేసి పందెం కట్టినట్టు దూసుకొస్తున్నాయి. ఇలాంటిది చూడాలని ఏళ్ళ తరబడి వచ్చి, చూడకుండానే పోయినవాళ్ళున్నారు. కేక వినగానే ఫిలిమోనే ఒక్క గంతులో పైకొచ్చి చక్రం పట్టుకున్నాడు. ఇప్పుడతన్ని కిందకు పంపడానికి లేదు. ఆ గుంపుకు అడ్డం పోకుండా, దూరం చెడకుండా పక్కనే పడవను నడపాలంటే చేయి తిరిగినవాడే చక్రం దగ్గరుండాలి.

పడవ ఎగిరింది. అందరూ కడ్డీలు పట్టుకుని కేకలు. కెన్ తాత టోపీ ఎగిరిపోయింది. ఆయన పట్టించుకోలేదు.

"ఏం చేస్తున్నాయవి?" అని అరిచింది మామ్మ. "అమ్మాయ్! ఎందుకలా తరుముతున్నాయి దాన్ని?"

అందరి తలలూ లెసియేలి వైపు తిరిగాయి. వనిల్లా షెడ్డు ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఆ ఉక్క, ఆ వాసన, రోజంతా నోరు విప్పే పని లేకుండా కాయలు తిప్పడం.

"అవి..." అంది. "అవి మా చర్చి పాటల బృందం లాంటివి. ముందు వెళ్ళేది పై గొంతు. వెనక వచ్చేవన్నీ కింది గొంతులు. ఏ కింది గొంతు బాగుందో పై గొంతు తేల్చుకుంటుంది."

"ఏమంది?"

"పాటల పోటీట!" అన్నాడు తాత.

"కొట్టుకుంటున్నాయి కదయ్యా!"

"మా చర్చిలో కూడా కొట్టుకుంటారు," అంది కలొలైనే అత్త చెమటలు కక్కుతూ.

"పోటీలో గెలిస్తే ఏమొస్తుంది?" మామ్మ వదల్లేదు. "కప్పా?"

  సరిగ్గా అప్పుడు వెనక నుంచి, తలుపంత వీపు లోపలి నుంచి, ఒక గొంతు లేచింది.

ఫిలిమోనే పాడుతున్నాడు. ఆదివారం చర్చిలో చివరి వరసలో నిలబడి కిటికీ అద్దాలు అదిరేలా పాడే కీర్తన. కళ్ళు తిమింగలాల మీద, చేతులు చక్రం మీద, ఛాతీ నిండా గాలి. తన చెవులను తన గొంతుతోనే కప్పేసుకున్నాడు.

లెసియేలికి ఒక్క క్షణంలో అర్థమైంది. మామ్మ చెవి దగ్గర చేతులు గొట్టంలా పెట్టి అరవడం మొదలుపెట్టింది. "పెళ్ళికొడుకులు మామ్మా! అందరూ ఆమె కోసమే! నెలల తరబడి పాటలు పాడారు, ఇప్పుడు పరుగు పెడుతున్నారు! ఎవడు చివరిదాకా ఆమె పక్కన నిలబడతాడో..."

పాట చరణం చివరికొస్తోంది. ఫిలిమోనేకు ఊపిరి కావాలి. ఆమెకు తెలియలేదు.

"...వాడే మొగుడు!"

పాట ఆగిన సందులో ఆ మాట పడింది. సముద్రమంతా విన్నట్టయింది. ఫిలిమోనే మెడ దాకా ఎర్రబడ్డాడు. చక్రం వదిలేసి నీళ్ళలోకి దూకేస్తాడేమో అనిపించింది లెసియేలికి. తనే దూకేద్దామా అని కూడా అనిపించింది.

కలొలైనే అత్త లేచి నిలబడింది. పొరపాట్లు చేయని మేనత్త, నడుము చాప ఒక చేత్తో పట్టుకుని, రెండో చరణం పై గొంతులో ఎత్తుకుంది. ఆవిడ గొంతు బాగుండదు. కానీ గట్టిది. ఫిలిమోనే ప్రాణం లేచొచ్చినట్టు కింది గొంతు కలిపాడు. పాట తెలియకపోయినా కెన్ తాత కూడా "హో... హో..." అని అందుకున్నాడు. అంతే, పడవంతా అందుకుంది. ఆ గోలలో లెసియేలి బల్లల మధ్య పరుగులు తీస్తూ, ఒక్కో చెవిలో మిగతా కథంతా అరుస్తూ, మెరక మీద పడ్డ చేపలా ఎగిరెగిరి పడుతోంది. మామ్మ పగలబడి నవ్వుతోంది.

పాట మంచి ఊపులో ఉండగా ఒక మగ తిమింగలం పడవకు అల్లంత దూరాన నిట్టనిలువునా లేచింది. మొత్తం. తోక కూడా నీళ్ళు దాటింది. ఆకాశంలో ఒక్క లిప్త ఆగి, పక్కకు ఒరిగి, పడింది. సముద్రం లేచి పడవ మీద కూలింది. పాట సగంలో అందరి నోళ్ళలోనూ ఉప్పునీళ్ళు. అందరూ దగ్గుతూ, తడిసి ముద్దయి, ఎవరెవరో తెలియనివాళ్ళను కావిలించుకుంటున్నారు. అత్త మార్జరీ మామ్మను కావిలించుకుంది.

"ఇవాళ వాడే గెలుస్తాడు!" అని అరిచింది మామ్మ.

గుంపు మలుపు తిరిగి దూరమయ్యేదాకా ఎవరూ కూర్చోలేదు.

రేవుకు చేరాక అత్త ముందుగా దిగి, గట్టు మీద తడి చాపతో నిలబడింది. షరతు షరతే. దిగేవాళ్ళను ఆపి, "తిమింగలాలు ఇంత దూరం ఎందుకొస్తాయి?" అని అడిగింది. ఫిలిమోనే నాలుగడుగుల దూరంలో తాడు కడుతున్నాడు.

కెన్ తాత ఛాతీ విరిచి, నోరంతా తెరిచాడు. "ఎందుకంటేనమ్మా, మగవాటికి..."

"చాలు!" అంది అత్త.

"నాకు ఇంకా బాగా తెలుసు," అంటూ ముందుకొచ్చింది మార్జరీ మామ్మ. "మొదట మగవాళ్ళంతా..."

"చాలు చాలు! మీకు తెలిసిందని నాకు తెలిసింది. జాగ్రత్తగా దిగండి!"

తెల్లమొహం ఎవరూ వేయలేదు. మొహాలన్నీ ఎండకు ఎర్రగా కమిలిపోయాయి. చివరివాళ్ళు వెళ్ళాక అత్త మేనకోడలి వైపు తిరిగింది. మొహం గంభీరంగా పెట్టాలని చూసింది, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే కుదరలేదు.

"సోమవారం పొద్దునే రా. సీజనంతా నువ్వే. పౌలాసి కడుపు ఎలా ఉన్నా సరే, సోమవారం వాడే నడుపుతాడు."

"అత్తా!" అని లెసియేలి ఆవిడ మీద పడిపోయింది.

"చాల్లే, తడిపేస్తున్నావు," అంది తడిసి ఉన్న అత్త.

ఫిలిమోనే తాడు ముడి బిగించి లేచాడు. పొద్దుటినుంచీ చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడూ ఆమె వైపు చూడలేదు. తాడు వైపు చూస్తూ అత్తతో అన్నాడు.

"అత్తా, ఆ కీర్తనకు ఆరు చరణాలున్నాయి. చరణానికీ చరణానికీ మధ్య నాకు ఊపిరి కావాలి. మళ్ళీ నన్ను పిలిచిననాడు ఎవరైనా ఏమైనా చెప్పుకోవాలంటే కాస్త చూసుకుని చెప్పుకోమనండి. తొందరేం లేదు, నేను ఆరూ పాడతాను."

చెప్పి, మూపున తాడు చుట్ట వేసుకుని, తలుపంత వీపుతో గట్టెక్కి వెళ్ళిపోయాడు. వీపు మొత్తం ఊగుతోంది. నవ్వుతున్నాడని లెసియేలికి తెలుసు.